తిరుపతి, చిత్తూరు చిరునామాలను క్యూజీఐఎస్‌లో మ్యాప్ మీదికి ఎక్కించడం ఎలా?

వాటర్ క్యాన్ల ఖాతాలు కావచ్చు, స్కూలు బస్సు ఎక్కే పిల్లల ఇళ్లు కావచ్చు, మందులు చేరవేయాల్సిన ముసలివాళ్ల జాబితా కావచ్చు. ఎక్సెల్‌లో ఉన్నంతసేపు అవి ఉత్త వరుసలే. ఏ వీధికి ఎంతమంది, ఏ బండి ఎటు తిరగాలి అన్నది మ్యాప్ మీద చూస్తే గానీ తేలదు. చిరునామాను అక్షాంశ, రేఖాంశాలుగా మార్చే ఈ పనినే జియోకోడింగ్ అంటారు. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోని మామూలు కంప్యూటర్ మీదే చేసుకోవచ్చు.

ఒక్క చిక్కుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో పాత సెట్టింగులు చాలావరకు అమెరికా వీధుల లెక్కకు కుట్టినవి. అక్కడ వీధికి ఎడమవైపు ఒక వరుస నంబర్లు, కుడివైపు ఇంకో వరుస నంబర్లు, ఈ చివర నుంచి ఆ చివరకు పెరుగుతూ పోతాయి. మొదటి నంబరు, చివరి నంబరు తెలిస్తే మధ్యలోని ఇల్లు ఎక్కడుందో లెక్కగట్టవచ్చు. మన డోర్ నంబరు అలా రాదు. 18-1-421/ఎ అంటే వార్డు, బ్లాకు, ఇల్లు, ఆ తర్వాత కట్టిన వాటా. 421 పక్కన 422 ఉండాలన్న నియమం లేదు, మధ్యలో ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు లేస్తే బై నంబర్లు పుడతాయి. అందుకని ఇంటి నంబరును పక్కనపెట్టి ప్రాంతం, గుర్తు, పిన్ కోడ్ ఈ మూడింటినీ పట్టుకునేలా సెట్టింగులు మార్చుకోవాలి. ఈ పద్ధతంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఎక్సెల్ చేసే పాడు పని

మొదలుపెట్టకముందే సగం జాబితా చెడిపోయి ఉంటుంది, మీరు గమనించి ఉండరు. డోర్ నంబరు 6-8-12 అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఎక్సెల్ దాన్ని తారీఖు అనుకుని 06-08-2012 చేసేస్తుంది. అలాంటి ఫైలును సీఎస్‌వీగా (విలువల మధ్య కామాలు పెట్టి రాసే ఉత్త టెక్స్ట్ పట్టికగా) సేవ్ చేశాక అసలు నంబరు ఇక వెనక్కి రాదు. కాబట్టి డోర్ నంబరు, పిన్ కోడ్, ఫోన్ నంబరు నిలువు వరుసలను డేటా ఎక్కించకముందే టెక్స్ట్‌గా మార్చండి. ఎవరో పంపిన సీఎస్‌వీ అయితే రెండుసార్లు నొక్కి తెరవకండి. డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ దారిన తెచ్చుకుని, ఆ వరుసలకు టెక్స్ట్ రకం ఇవ్వండి. లిబ్రెఆఫీస్‌లో అయితే తెరిచేటప్పుడే ఈ ప్రశ్న అడుగుతుంది, పని సులువు.

సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ అని రెండు మూడు రకాలు కనిపిస్తాయి. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నదే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి.

చిరునామాను ముక్కలు చేయండి

"కేరాఫ్ ఫలానా, డో.నం. ఇంత, గంగమ్మ గుడి వెనక సందు, తాతయ్యగుంట, తిరుపతి, చిత్తూరు జిల్లా, 517 501" అని ఒకే గడిలో ఉన్నదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా చదవదు. దాన్ని ఐదు నిలువు వరుసలుగా విడదీయండి: డోర్ నంబరు, గుర్తు, వీధి లేదా ప్రాంతం, ఊరు, పిన్.

కేరాఫ్, సన్నాఫ్, ఎదురుగా, వెనక, దగ్గర అన్న మాటలు ప్రాంతం వరుసలో ఉండకూడదు. గుర్తు వరుసలో "తాతయ్యగుంట గంగమ్మ గుడి" అని మాత్రమే ఉంచి, "వెనక సందు" అన్నది వ్యాఖ్యగా పక్కన రాసుకోండి. డెలివరీ కుర్రాడికి అది పనికొస్తుంది, కంప్యూటరుకు పనికిరాదు. పిన్‌లో మధ్య ఖాళీ తీసేయండి.

జిల్లా పేరు పూర్తిగా వదిలేయమని నా సలహా. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. పాత జాబితాల్లో తిరుపతి, శ్రీకాళహస్తి, చంద్రగిరి అన్నీ చిత్తూరు జిల్లా కిందే ఉంటాయి, ఆన్‌లైన్ మ్యాపులు కొత్త జిల్లాను చూపిస్తాయి. రెండూ కలవక, ఉన్న ఊరే దొరకలేదంటుంది. పిన్ మాత్రం మారలేదు. తిరుపతి 517501, తిరుచానూరు 517503, తిరుమల 517504, చిత్తూరు 517001, చంద్రగిరి 517101. జిల్లా మారినా 517 మారలేదు. అదే సూళ్లూరుపేట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా దాని పిన్ పాత నెల్లూరు లెక్కన 524తోనే మొదలవుతుంది. కాబట్టి "517 కాకపోతే తప్పు" అని గుడ్డిగా కొట్టేయకండి.

క్యూజీఐఎస్‌లోకి తేవడం

లేయర్ మెనూలో యాడ్ లేయర్, అందులో యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్. ఫైలు చూపించి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టండి. కింద డిటెక్ట్ ఫీల్డ్ టైప్స్ అన్న టిక్ ఉంటుంది, దాన్ని తీసేయండి. ఉంచితే మీరు కష్టపడి టెక్స్ట్ చేసిన పిన్‌లను మళ్లీ అంకెలుగా మార్చేస్తుంది. జామెట్రీ (మ్యాపు మీది ఆకారం) దగ్గర నో జామెట్రీ ఎంచుకోండి, ఇంకా మన దగ్గర అక్షాంశాలు లేవు కదా.

వచ్చిన పట్టికను వెంటనే జియోప్యాకేజీగా (పట్టికను, మ్యాపును ఒకే ఫైలులో దాచే రకం) ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. చాలామంది అలవాటుగా షేప్‌ఫైల్ అనే పాత రకంలో చేస్తారు. అందులో వరుస పేరు 10 అక్షరాలు దాటదు, తెలుగు డేటాతో అప్పుడప్పుడూ ఇబ్బంది పెడుతుంది కూడా. ఈ పనికి అది వద్దు.

వెనక మ్యాప్ కోసం ఎడమవైపు బ్రౌజర్ ప్యానెల్‌లో ఎక్స్‌వైజెడ్ టైల్స్ కింద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు) ఉంటుంది, రెండుసార్లు నొక్కితే చాలు.

సొంత ప్రాంతాల పట్టిక

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి, కానీ మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ఆన్‌లైన్ సేవను అడిగే ముందు మన ఊరి ప్రాంతాల పట్టిక మనమే తయారు చేసుకోవాలి. ఒక్కసారి చేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ప్లగిన్లలో (అదనంగా తగిలించుకునే పనిముట్లలో) క్విక్ఓఎస్ఎమ్ ఇన్‌స్టాల్ చేయండి. కీ దగ్గర ప్లేస్ అని, ప్రాంతం దగ్గర తిరుపతి అని ఇచ్చి నడిపితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉన్న పేటలు, నగర్లు, పల్లెలు బిందువులుగా వస్తాయి. కొన్నిటికి తెలుగు పేరు కూడా ఉంటుంది, లేనిచోట మీరు నింపుకోవాలి. తర్వాత మీ జాబితాలో పదే పదే వచ్చే గుర్తులను చేర్చండి: లీలామహల్ సర్కిల్, నాలుగుకాళ్ల మండపం, రుయా, స్విమ్స్ ఆసుపత్రులు, తాతయ్యగుంట గంగమ్మ గుడి, విష్ణునివాసం. చిత్తూరు అయితే గాంధీ విగ్రహం, దర్గా సర్కిల్, కట్టమంచి, మిట్టూరు, సంతపేట, మురకంబట్టు, కొంగారెడ్డిపల్లి. ప్రతి దానికీ అక్షాంశం, రేఖాంశం, పిన్ వేరు వేరు వరుసల్లో ఉండాలి.

ఇంకో వరుస మారుపేర్ల కోసం. ఎవరూ ముత్యాలరెడ్డిపల్లె అని పూర్తిగా రాయరు, ఎమ్మార్‌పల్లి అంటారు. కపిలతీర్థం రోడ్డు కేటీ రోడ్డు అవుతుంది. ఎయిర్ బైపాస్ రోడ్డును కొందరు ఏఐఆర్ బైపాస్ అని చుక్కలు పెట్టి రాస్తారు, అది ఆలిండియా రేడియో పేరు మీద వచ్చింది. ఈ సంగతి తెలియని బయటివాళ్లు దాన్ని ఎయిర్‌పోర్ట్ రోడ్డు చేసి రాస్తే, బండి విమానాశ్రయం ఉన్న రేణిగుంట దారి పడుతుంది. ఇలాంటివి అక్షరాల పోలికతో ఎప్పటికీ తేలవు. మారుపేరుకు ఒక్కో అడ్డవరుస ఇచ్చి, ఎదురుగా అసలు పేరు రాయడమే మార్గం.

ఎంత పోలిక ఉంటే ఒప్పుకోవాలి?

మనుషులు ఒకే పేరును నాలుగు రకాలుగా రాస్తారు. తిరుచానూరు, తిరుచానూర్. కొర్లగుంట, కోర్లగుంట. చంద్రగిరి, చెంద్రగిరి. వీటిని కలిపేందుకు క్యూజీఐఎస్ ఎక్స్‌ప్రెషన్లలో (లెక్కలు రాసే సూత్రాల్లో) ఫజీ మ్యాచింగ్ అనే విభాగం ఉంది. అందులో లెవెన్‌స్టైన్ అన్న ఫంక్షన్ ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీయాలో, మార్చాలో లెక్క చెబుతుంది. సౌండెక్స్ కూడా అక్కడే ఉంటుంది గానీ అది ఇంగ్లీషు అక్షరాల ధ్వని మీద నడిచేది, తెలుగు లిపికి పనికిరాదు.

తెలుగులో ఒక మెలిక ఉంది. మన కంటికి ఒక అక్షరంగా కనిపించేది కంప్యూటరుకు రెండు మూడు ముక్కలు. గుణింతం ఒక ముక్క, పొల్లు ఒక ముక్క. తిరుచానూరు పది ముక్కల మాట. చివరి కొమ్ము బదులు పొల్లు పెడితే తేడా ఒకటే. సరే, తేడా రెండు వరకు ఒప్పుకుందాం అనుకుంటే ఏమవుతుందో చూడండి: చిత్తూరు, పుత్తూరు. మొదటి అక్షరంలో హల్లు ఒకటి, గుణింతం ఒకటి మారాయి, తేడా సరిగ్గా రెండు. రెండు వేరు వేరు ఊళ్లు ఒకటైపోతాయి. పోనీ ఒకటికి తగ్గిద్దామంటే, నగరి ఊరికీ నగర్ అన్న తోకకీ తేడా ఒకటే.

అందుకే ఉత్త తేడాను చూడకూడదు, మాట పొడవుతో భాగించాలి. తేడాను పెద్ద మాటలోని ముక్కల సంఖ్యతో భాగించి, ఒకటిలోంచి తీసేసి, వందతో గుణించండి. అదే పోలిక మార్కు.

తిరుచానూరు, తిరుచానూర్: 90.
కొర్లగుంట, కోర్లగుంట: 89.
చిత్తూరు, పుత్తూరు: 75.
నగరి, నగర్: 75.
తిరుపతి, తిరుమల: 57.

85 దగ్గర గీత గీస్తే కలవాల్సినవి కలుస్తాయి, విడిపోవాల్సినవి విడిపోతాయి. పొట్టి పేర్లు మాత్రం నష్టపోతాయి. మంగళంను ఎవరైనా మంగలం అని రాస్తే 80 మార్కులే వస్తాయి. దానికోసం గీతను కిందికి దించకండి, మంగలంను మారుపేర్ల వరుసలో వేసేయండి. గీత దించితే ఒక్క మంగళం కోసం ఇంకెన్నో తప్పుడు జతలు లోపలికొస్తాయి.

పోల్చే ముందు రెండు వైపులా శుభ్రం చేయాలి. రోడ్డు, రోడ్, రోడు మూడింటినీ ఒకే రూపంలోకి తెండి, లేకపోతే తిలక్ రోడ్డుకూ తిలక్ రోడ్‌కూ 83 వచ్చి ఆగిపోతుంది. దీనికి ఉల్టా బాధ మాడ వీధులతో. తూర్పు మాడ వీధి, ఉత్తర మాడ వీధి అన్నప్పుడు తోక ఒకటే కాబట్టి మార్కులు ఊరికే పెరుగుతాయి. అలాంటి చోట దిక్కును వేరు వరుసలోకి తీసి, అది అచ్చంగా సరిపోవాలని పెట్టండి.

ఇక కంటికి కనిపించని దొంగ ఒకడున్నాడు. చిత్తూరులోని గ్రీమ్స్‌పేటను సరిగ్గా టైపు చేసినప్పుడు సకారపు పొల్లు తర్వాత ఒక అదృశ్య అక్షరం పడుతుంది, అది ఉంటేనే పకారం ఒత్తుగా కిందికి దిగకుండా పక్కన నిలుస్తుంది. కొందరి కీబోర్డులో అది పడదు, కొందరు దాని బదులు ఖాళీ కొడతారు. మూడూ కంప్యూటరుకు మూడు పేర్లు. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో (పట్టికలోని నిలువు వరుసలను సూత్రంతో నింపే పనిముట్టు) రీప్లేస్ ఫంక్షన్‌తో ఆ అక్షరాన్ని తీసేయండి. దాని సంఖ్య 8204, క్యార్ ఫంక్షన్‌కు ఆ అంకె ఇస్తే చాలు. ఖాళీలను కూడా అలాగే తీసేసి, పోల్చడానికి మాత్రమే ఒక ప్రత్యేక వరుస తయారు చేసుకోండి. అసలు పేరును ముట్టుకోవద్దు.

ఇప్పుడు జత కలపడం. ఖాతాల పట్టిక మీద ఫీల్డ్ కాలిక్యులేటర్ తెరిచి అగ్రిగేట్ ఫంక్షన్ తీసుకోండి. లేయర్‌గా ప్రాంతాల పట్టిక, లెక్కగా కాంకాటినేట్ యూనిక్, విలువగా అసలు పేరు వరుస, మధ్యలో కామా. ఫిల్టర్‌లో పైన చెప్పిన మార్కు 85కు తగ్గకూడదని, దానితోపాటు రెండు వైపులా పిన్ ఒకటే కావాలని రాయండి. ఫిల్టర్ లోపల ఉత్తగా వరుస పేరు రాస్తే అది ప్రాంతాల పట్టికలోది అవుతుంది, ఖాతా వైపు విలువ కావాలంటే పేరెంట్ వేరియబుల్ ద్వారా అడగాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఫలితంలో ఒకే పేరు వస్తే జత కుదిరింది. ఖాళీ వస్తే దొరకలేదు. కామాతో రెండు పేర్లు వస్తే పోటీ పడుతున్నాయి, మీరే తేల్చాలి. పోటీ ఉన్నప్పుడు మొదటిదాన్ని తీసుకోమని సాఫ్ట్‌వేరుకు అప్పగించకండి. కుదిరిన వాటికి జాయిన్ అట్రిబ్యూట్స్ బై ఫీల్డ్ వాల్యూతో అక్షాంశ రేఖాంశాలు తెచ్చి, క్రియేట్ పాయింట్స్ లేయర్ ఫ్రమ్ టేబుల్‌తో బిందువులు చేయండి. ఎక్స్ దగ్గర రేఖాంశం, వై దగ్గర అక్షాంశం, సీఆర్‌ఎస్ (ఏ కొలమానంలో ఉన్నాయో చెప్పేది) దగ్గర ఈపీఎస్‌జీ 4326, అంటే మామూలు అక్షాంశ రేఖాంశాల లెక్క. తారుమారు చేస్తే తిరుపతి ఖాతాలన్నీ ఉత్తర ధ్రువం పక్కన స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలతాయి.

ఆర్క్‌జీఐఎస్ ప్రో అనే డబ్బు కట్టే మ్యాపు సాఫ్ట్‌వేర్ వాడే ఆఫీసుల్లో ఇదే పనికి లొకేటర్ ఉంటుంది. అక్కడ మినిమమ్ మ్యాచ్ స్కోర్ మామూలుగా 85 ఉంటుంది, అలాగే ఉంచండి. మినిమమ్ క్యాండిడేట్ స్కోర్‌ను కొంచెం తగ్గించవచ్చు, దానివల్ల కొత్తగా జతలేమీ కుదరవు, చేత్తో ఎంచుకునేటప్పుడు చూపించే పేర్లు పెరుగుతాయంతే. సైడ్ ఆఫ్‌సెట్, ఎండ్ ఆఫ్‌సెట్ వీధి నంబర్ల లెక్కకు సంబంధించినవి, మనకు వాటితో పని లేదు. మారుపేర్లను ఆల్టర్నేట్ నేమ్ టేబుల్‌గా ఇవ్వాలి. స్టేటస్ వరుసలో ఎమ్ అంటే కుదిరింది, టి అంటే పోటీ, యు అంటే దొరకలేదు.

మిగిలినవాటికి ఆన్‌లైన్

పట్టికలో దొరకని వాటిని మాత్రమే ఎంచుకుని ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో బ్యాచ్ నామినాటిమ్ జియోకోడర్‌కు ఇవ్వండి. ఇది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి ఉచిత సేవ, సెకనుకు ఒక్క చిరునామా మించి అడగకూడదన్నది వాళ్ల నియమం. 600 చిరునామాలకు పది నిమిషాలు పడుతుంది, మధ్యలో ఆపి మళ్లీ మళ్లీ నడపకండి. వేలకు వేలు పంపే పనికి అది కాదు. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న వరుసను చిరునామాగా పంపకండి, ఖాతాదారుల వివరాలు బయటి సర్వరుకు చేరాల్సిన అవసరం లేదు.

పంపే వరుసలో వీధి లేదా ప్రాంతం, ఊరు, పిన్, ఆంధ్రప్రదేశ్, ఇండియా అన్న క్రమం ఉండాలి. డోర్ నంబరు వద్దు. ఆ మ్యాపులో వీధుల పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి కాబట్టి ఈ వరుసను ఇంగ్లీషులో రాయడం మేలు. రాష్ట్రం పేరు తప్పనిసరి. అది లేకపోతే చిత్తూరు పేరుతో కేరళ పాలక్కాడ్ జిల్లాలోని చిత్తూరుకు వెళ్లిపోవచ్చు.

తనిఖీ

వచ్చిన ఫలితాల్లో టైప్ అన్న వరుస చూడండి. రోడ్డు దొరికిందా, పేట దొరికిందా, ఉత్త ఊరే దొరికిందా అన్నది అక్కడ ఉంటుంది. ఊరు మాత్రమే దొరికిన చిరునామాలన్నీ ఒకే బిందువు మీద కుప్పపడి, పైకి ఒక్క ఇల్లులా కనిపిస్తాయి. సింబాలజీలో (బిందువులు ఎలా కనిపించాలో చెప్పే సెట్టింగులో) పాయింట్ క్లస్టర్ పెడితే కుప్ప మీద అంకె వచ్చి బండారం బయటపడుతుంది. రోడ్డు దొరికినా సంబరపడకండి. కరకంబాడి రోడ్డు, రేణిగుంట రోడ్డు కిలోమీటర్ల పొడవున ఉంటాయి, బిందువు ఆ రోడ్డు మీద ఏదో ఒకచోట పడుతుంది. పొడవాటి రోడ్డు కన్నా చిన్న పేట పేరే నమ్మదగ్గది.

దూరంగా ఎగిరిపోయినవాటిని పట్టడానికి సెలెక్ట్ బై ఎక్స్‌ప్రెషన్‌లో అక్షాంశం 12.5 నుంచి 14.5, రేఖాంశం 78 నుంచి 80.5 దాటినవి ఎంచుకోండి. ఈ చతురస్రంలోనే వేలూరు, చెన్నై కూడా పడతాయి కాబట్టి పోస్ట్‌కోడ్ వరుసను మీ పిన్‌తో పోల్చడం కూడా చేయండి.

అన్ని బిందువులకూ "నమ్మకం" అని ఒక వరుస పెట్టి అంకె వేయండి: ఇల్లు చూసి పెట్టింది 1, గుర్తు 2, చిన్న వీధి 3, పేట 4, పిన్, ఊరు లేదా పొడవాటి రోడ్డు 5. మ్యాపు మీద వాటికి వేరు వేరు రంగులు ఇవ్వండి. బండి దారి గీసేటప్పుడు 4 వరకు పనికొస్తుంది, ఇంటి ముందు దింపాలంటే 1, 2 కావాలి. ఈ అంకె లేని మ్యాపును నేనైతే ఎవరికీ ఇవ్వను.

చివరికి మిగిలినవి చేత్తోనే. పట్టికలో ఉండి మ్యాపు మీద లేని అడ్డవరుసకు బిందువు ఎలా పెట్టాలో మెనూల్లో వెతికినా సులువుగా దొరకదు. ఎడిటింగ్ ఆన్ చేసి, పట్టికలో ఆ అడ్డవరుసను ఎంచుకుని, అడ్వాన్స్‌డ్ డిజిటైజింగ్ టూల్‌బార్‌లోని యాడ్ పార్ట్ తీసుకుని మ్యాపు మీద నొక్కండి. ఇల్లు ఎక్కడో మీకూ తెలియకపోతే ఖాతాదారుణ్ని వాట్సాప్‌లో లొకేషన్ పంపమనండి. అందులో ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం ఉంటాయి. క్యూజీఐఎస్ కింది పట్టీలోని కోఆర్డినేట్ గడిలో మాత్రం ఏది ముందుందో చూసుకుని కొట్టాలి.

ఇంటికి వెళ్లి చూసే అవకాశం ఉంటే తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ కూడా రాసుకోండి. పది అక్షరాల ఆ కోడ్ దాదాపు నాలుగు మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న గడిని చూపిస్తుంది, వచ్చే ఏడాది వీధి పేరు మారినా అది మారదు. ఇళ్ల మధ్య దూరాలు మీటర్లలో కొలవాలంటే మొత్తం లేయర్‌ను ఈపీఎస్‌జీ 32644 అనే మీటర్ల లెక్కకు మార్చి ఎక్స్‌పోర్ట్ చేయండి, తిరుపతి, చిత్తూరు, కుప్పం మూడూ ఆ లెక్క వర్తించే జోన్‌లోనే వస్తాయి.